ఎత్తుకొండల మొక్కకు చల్లని రాత్రి: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో ఏ ఫ్రిజ్, ఏ పద్ధతి?

మే నెలలో శ్రీకాకుళం తీరంలో రాత్రి ఉష్ణోగ్రత 27 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. బోర్నియోలోని కినాబాలు కొండ మీద పెరిగే కూజాల్లాంటి ఆకులతో పురుగుల్ని పట్టే నెపెంథిస్ రాజా గానీ, దక్షిణ అమెరికా తెపుయి పీఠభూముల మీది హీలియాంఫోరా అనే మరో కూజా మొక్క గానీ, కొలంబియా, ఈక్వెడార్ మేఘారణ్యాల డ్రాక్యులా ఆర్కిడ్ గానీ అడిగే రాత్రి 10 నుంచి 15 డిగ్రీలు. మధ్యలో ఉన్న ఆ పన్నెండు నుంచి పదిహేడు డిగ్రీల తేడాను ఏ యంత్రంతో, ఎంత ఖర్చుతో పూడ్చాలన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం.

ఎత్తు లెక్కలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. తీరంలో 27 ఉన్న రాత్రి, ఒడిశా సరిహద్దులో మందసకు ఎగువన ఉన్న 1501 మీటర్ల మహేంద్రగిరి శిఖరం మీద 17 చుట్టూ ఉండాలి. నెపెంథిస్ రాజా ఉండేది 1500 నుంచి 2650 మీటర్ల మధ్య. అంటే మన హాల్లో ఒక మూల మహేంద్రగిరి కంటే ఎత్తైన కొండను నిలబెట్టాలి, అదీ ప్రతి రాత్రీ.

పగటి వేడిని ఈ మొక్కలు కొంతవరకు ఓర్చుకుంటాయి. 25 డిగ్రీలు దాటి కాసేపు 28 తగిలినా వెంటనే చావవు. వేడి రాత్రిని మాత్రం ఎక్కువ రోజులు తట్టుకోలేవు. పగలు ఆకు తయారు చేసుకున్న చక్కెరను రాత్రి శ్వాసక్రియ ఖర్చు పెడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. మొదట కొత్త ఆకు చిన్నదిగా వస్తుంది, తర్వాత కూజాలు రావడం మానేస్తాయి, చివరికి వేళ్లు కుళ్లుతాయి. అందుకే ఏ పద్ధతినైనా ‘మే నెల రాత్రి మూడు గంటలకు పెట్టెలో ఎంత ఉంటుంది?’ అన్న ఒక్క ప్రశ్నతో కొలవండి. అమ్మేవారు ‘గది కంటే ఇరవై డిగ్రీలు తగ్గిస్తుంది’ అంటే, ఆ గది మన తీరపు గదేనా అని అడగండి.

యంత్రం కంటే ముందు చూడవలసినవి

మొదటిది, వేడి ఎటు నుంచి ఎంత లోపలికి వస్తోందో. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న మామూలు గాజు తొట్టెను గది కంటే పదిహేను డిగ్రీలు చల్లగా ఉంచాలంటే గాజు గుండా వంద వాట్లకు పైగా వేడి ఎడతెగకుండా లోపలికి వస్తూనే ఉంటుంది. అదే తొట్టెకు ఐదు వైపులా రెండంగుళాల థర్మకోల్ చుట్టి, ముందు వైపు మాత్రమే రెండు పొరల గాజు పెడితే ఆ వేడి పాతిక వాట్లకు దిగుతుంది. ఎంత మంచి యంత్రం కొన్నా ఇంత మేలు జరగదు. అన్ని వైపులా గాజు ఉండాలి, నాలుగు వైపుల నుంచీ మొక్క కనిపించాలి అని పట్టుబట్టేవారు ఆ ముచ్చటకు నెలనెలా కరెంటు బిల్లులో మూల్యం చెల్లిస్తారు.

రెండోది మన తీరానికి ప్రత్యేకమైన చిక్కు: గాజుకు పట్టే చెమట. వేసవిలో, వర్షాకాలంలో మన గాలిలో తేమ ఎంత ఉంటుందంటే, 25 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా నీళ్లు పేరుకుంటాయి. లోపల 15, బయట 30 ఉంటే ఒక పొర గాజు బయటి ముఖం 22, 23 దగ్గర ఉంటుంది. రాత్రంతా నీళ్లు కారి, కింద ఉన్న చెక్క బల్ల ఉబ్బిపోతుంది. రెండు పొరల గాజైతే బయటి ముఖం 25కు చేరుతుంది; చాలా రోజులు పొడిగా ఉంటుంది, మరీ ఉక్కగా ఉన్న రోజు పల్చటి చెమట పడుతుంది. కళింగపట్నం, బారువ, ఇచ్ఛాపురం, భోగాపురం వంటి సముద్రం పక్క ఊళ్లవారు దీన్ని మొదటి షరతుగా పెట్టుకోవాలి. బొబ్బిలి, రాజాం, సాలూరు వైపు వారికి చెమట బాధ కాస్త తక్కువ, పగటి వేడి ఎక్కువ.

మూడోది కరెంటు పోయినప్పటి సంగతి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు వచ్చినప్పుడు మన జిల్లాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను రోజుల్లో వాతావరణం ఎలాగూ చల్లబడుతుంది కాబట్టి మొక్కకు అది ప్రాణాపాయం కాకపోవచ్చు. మే మధ్యాహ్నం నాలుగు గంటల పాటు సాగే కోత దానికంటే ప్రమాదం. బాగా మందంగా థర్మకోల్ చుట్టిన పెట్టెలో పది లీటర్ల నీళ్ల సీసాలు ఉంచితే, కరెంటు పోయిన తర్వాత ఉష్ణోగ్రత గంటకు సుమారు రెండు డిగ్రీల చొప్పున మాత్రమే పెరుగుతుంది. గాజు తొట్టెలోనైతే గంట తిరిగేసరికి గది వేడి వచ్చేస్తుంది.

ఇక మరమ్మతు. పాడైతే మన ఊరి ఫ్రిజ్ మెకానిక్ బాగుచేయగలడా? ఊళ్లో విడిభాగాలు దొరకని యంత్రం మే నెలలో ఆగిపోతే మొక్క మీద ఆశ వదులుకోవలసిందే.

అసలు ఈ మొక్కే కావాలా?

యంత్రాల పోలికలోకి వెళ్లే ముందు ఇది తేల్చుకోవాలి. నెపెంథిస్‌లో లోతట్టు జాతులు కూడా ఉన్నాయి. మిరాబిలిస్, ఆంప్యులారియా, రాఫ్లేసియానా, బైకాల్కరాటా వంటివి మన ఉక్కను కోరుకుంటాయి. నీడ వల కింద, వాన నీటితో, ఏ యంత్రమూ లేకుండా శ్రీకాకుళం వరండాలో పెరుగుతాయి. వెంట్రాటా అనే సంకరం మరీ గట్టిది. కూజాల మొక్క ఇంట్లో ఉండాలన్నదే కోరిక అయితే ఫ్రిజ్ జోలికి వెళ్లనవసరం లేదు. మేఘాలయ కొండల నెపెంథిస్ ఖాసియానా కూడా హైలాండ్ మొక్కల్లా మొండికేయదు. అయితే అది అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్న జాతి, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది. తగిన అనుమతి పత్రాలున్న నర్సరీ నుంచి తప్ప కొనకండి.

అవన్నీ చూసి కూడా ‘నాకు హీలియాంఫోరాయే కావాలి’ అనేవారి కోసమే మిగిలిన భాగం. ఆ ఇష్టం నాకు బాగా తెలుసు, దాన్ని తప్పుపట్టను.

పద్ధతులు పక్కపక్కన

| పద్ధతి | మే రాత్రి 14 డిగ్రీలు వస్తుందా | పెట్టుబడి | రోజుకు కరెంటు (అంచనా) | ప్రధాన ఇబ్బంది |
|---|---|---|---|---|
| పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోనే మొక్కలు, తలుపుకు గాజు కిటికీ | వస్తుంది | తక్కువ నుంచి మధ్యస్థం | ఒక యూనిట్ చుట్టుపక్కల | కిటికీ పని శుభ్రంగా కుదరాలి |
| గాజు తలుపు ఉన్న కూల్‌డ్రింక్ ఫ్రిజ్ | వస్తుంది | మధ్యస్థం | పై దాని కంటే ఎక్కువ | చప్పుడు, చోటు |
| మినీ ఫ్రిజ్ పక్కన తొట్టె, పైపుల్లో చల్లగాలి | తొట్టెకు థర్మకోల్ ఉంటే వస్తుంది | తక్కువ | ఒక యూనిట్ చుట్టుపక్కల | గాలి ఆరిపోవడం, మంచు |
| ఫ్రీజర్‌లో చల్లబడిన ద్రవం, తొట్టెలో రేడియేటర్ | వస్తుంది | మధ్యస్థం | ఫ్రిజ్‌ను బట్టి | లీకులు, పంపు |
| పెల్టియర్ బిళ్లలు (కరెంటు పారితే ఒక వైపు చల్లబడి, మరో వైపు వేడెక్కేవి) | 15 నుంచి 18 దగ్గర ఆగుతుంది | తక్కువ | రెండు బిళ్లలకు మూడు యూనిట్లు | వేడి బయటికి పంపడం |
| ఏసీ గది | రాదు, 17–18 వరకే | ఎక్కువ | రాత్రికి ఐదు నుంచి ఎనిమిది | బిల్లు, తేమ తగ్గడం |
| మంచు సీసాలు | కొన్ని గంటలు | దాదాపు లేదు | ఇంటి ఫ్రిజ్ మీద అదనపు భారం | రోజూ మనిషి ఉండాలి |

పట్టికలో లేని రెండింటి గురించి ఒక్కో మాట. అక్వేరియం చిల్లర్ బాగా పనిచేస్తుంది; చల్లని నీటిని తొట్టెలోని రేడియేటర్ గుండా తిప్పాలి. కానీ ధర చూస్తే ఆ డబ్బుకు ఫ్రిజ్, గాజు, కంట్రోలర్ అన్నీ వచ్చి ఇంకా మిగులుతుంది. వైన్ కూలర్‌కు 8 నుంచి 18 డిగ్రీల శ్రేణి పుట్టుకతోనే ఉంటుంది, గాజు తలుపూ ఉంటుంది. మన ఊళ్లలో దొరకదు, తెప్పించుకున్నా చిన్నవాటిలో చాలావరకు పెల్టియర్‌వే.

పెల్టియర్ ఎందుకు నిరాశపరుస్తుంది

రెండు మూడు వందల రూపాయలకు బిళ్ల దొరుకుతుంది, కదిలే భాగాలు లేవు, గ్యాస్ లేదు, వీడియోల్లో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చాలామంది కుర్రవాళ్లు ఇక్కడే మొదలుపెడతారు. లెక్క వేసి చూడండి. ఎక్కువగా దొరికే టెక్1-12706 రకం బిళ్ల అరవై వాట్ల పైన తింటుంది. చలికాలపు గదిలో బాగానే లాగుతుంది. మేలో గది 34 ఉన్నప్పుడు దాని వేడి వైపు 44కు పైగా పోతుంది. చల్లని వైపు 10 దగ్గర ఉండాలి. అంత తేడా మీద అది లాగగలిగే వేడి పాతిక వాట్లు. థర్మకోల్ పెట్టెలోకి దీపం లేకుండానే వచ్చే వేడి కూడా పాతిక వాట్లే. దీపం వెలిగిన క్షణం నుంచి లెక్క తప్పుతుంది. రెండు బిళ్లలు పెడితే నూట ముప్పై వాట్లు రోజంతా నడుస్తాయి. అదే పని కంప్రెసర్ మూడో వంతు, నాలుగో వంతు కరెంటుతో చేసిపెడుతుంది.

పెల్టియర్‌కు సరైన చోటు అరకు వంటి ఊరు. సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న ఇంట్లో చిన్న పెట్టెకు ఇంకో ఐదారు డిగ్రీలు తగ్గిస్తే చాలు. అక్కడ అది హాయిగా చేస్తుంది. నరసన్నపేటలో చేయలేదు.

మంచు సీసాలు, చేపల పెట్టె

దీన్ని తక్కువగా చూడకండి. కిలో మంచు కరిగేటప్పుడు 93 వాట్ అవర్ల వేడి తీసుకుంటుంది. రెండు లీటర్ల సీసా ఒకటి, పాతిక వాట్ల పెట్టెను ఏడు గంటలు మోస్తుంది. సాయంత్రం కుండీల్లో, నాచులో పేరుకున్న వేడిని దించడానికి మరో సీసా పడుతుంది. కాబట్టి రాత్రికి రెండు మూడు సీసాలు, ఇంటి ఫ్రీజర్‌లో రోజుకు ఐదారు లీటర్ల నీళ్లు గడ్డకట్టాలి. పెట్టె కోసం వెతకనక్కరలేదు: తీరంలో చేపలు, రొయ్యలు మంచుతో పంపే మందపాటి థర్మకోల్ పెట్టెలు మార్కెట్ దగ్గర దొరుకుతాయి. బాగా కడిగి, ఉప్పు వాసన పోయేదాకా ఎండబెట్టి, పై మూతకు రెండు పొరల అక్రిలిక్ అమర్చండి.

విద్యార్థులకు, ఒకే ఒక్క చిన్న మొక్కతో మొదలుపెట్టేవారికి ఇదే నా సలహా. ఒక వేసవి ఈ పద్ధతిలో మొక్కను నిలబెట్టినవారికి తమ పెట్టెకు ఎంత చల్లదనం కావాలో చేతితో తెలుస్తుంది. తర్వాత ఫ్రిజ్ కొన్నా ఈ పెట్టె వృథా కాదు. అయితే పండక్కి ఊరెళ్తే సీసాలు మార్చేవారుండాలి. అది కుదరని ఇంట్లో ఈ పద్ధతి వద్దు.

మినీ ఫ్రిజ్ పక్కన తొట్టె

యాభై లీటర్ల మినీ ఫ్రిజ్ ఇప్పటికే ఇంట్లో ఉందా? ఉంటే మొక్కల్ని అందులో పెట్టాలని చూడకండి. లోపల చోటు తక్కువ, పైన వేలాడే చల్లని పలక ఆకులకు తగులుతుంది. చిన్న హీలియాంఫోరా, మొలకలు, చిట్టి మాస్డెవాలియా ఆర్కిడ్‌లకు తప్ప మరి దేనికీ సరిపోదు. దాన్ని చల్లగాలి తయారుచేసే పెట్టెగా వాడుకుని, తొట్టెను పక్కన పెట్టడం మేలు.

ఫ్రిజ్ తలుపు ఊడదీసి, దాని స్థానంలో రెండంగుళాల గట్టి ఫోమ్ పలక బిగించండి. ఆ పలకకే రెండు కన్నాలు: ఒకటి చల్లగాలి పోవడానికి, ఒకటి తిరిగి రావడానికి. పన్నెండు వోల్టుల చిన్న కంప్యూటర్ ఫ్యాను చాలు. ఫ్రిజ్‌లోంచి 5 డిగ్రీల గాలి వచ్చి, 15 డిగ్రీలతో తిరిగి వెళ్తుంటే నలభై వాట్ల వేడిని తీయడానికి గంటకు పన్నెండు ఘనపు మీటర్ల గాలి సరిపోతుంది. పైపుల మీద ఏసీ పైపులకు చుట్టే నల్లటి ఫోమ్ గొట్టం తొడగకపోతే వాటి నుంచి నీళ్లు కారుతాయి.

కన్నాలు తలుపు స్థానంలోని పలకకే పెట్టాలని చెప్పడానికి బలమైన కారణం ఉంది. ఈ కాలపు ఫ్రిజ్‌లలో వేడి వదిలే గొట్టాలు పక్క గోడల లోపలే దాగి ఉంటాయి. డ్రిల్లు వేస్తే గ్యాస్ పోతుంది, ఫ్రిజ్ పోతుంది. ఆ గ్యాస్ ఐసోబ్యూటేన్ అయితే నిప్పు కూడా అంటుకుంటుంది. వెనక కంప్రెసర్ దగ్గరి చీటీ మీద ఆర్-600ఏ అని ఉంటే అదే. తలుపులో గొట్టాలు ఉండవు. పక్క గోడకు కన్నం పెట్టక తప్పదనుకునేవారు ఈ పని మానుకోవడమే మంచిది. లోపలి చల్లని పలకను ఊడబెరికి, వంచి, తొట్టెలోకి తెచ్చే పద్ధతి కూడా కొందరు చేస్తారు. ఒక్క గొట్టం నలిగితే అంతే సంగతులు.

ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపం తేమ. తొట్టెలోని తడిగాలి ఫ్రిజ్ పలక మీదకు వెళ్లి మంచుగా అతుక్కుంటుంది, పొడిబారిన గాలి తిరిగి వస్తుంది. హీలియాంఫోరాకు, డ్రాక్యులాకు ఎనభై శాతం తేమ కావాలి. కాబట్టి తొట్టెలో ఒక చిన్న మిస్ట్ మేకర్, ఫ్రిజ్ అడుగున కరిగిన నీళ్లు పట్టే ట్రే తప్పనిసరి. పగలు కొన్ని గంటలు కంప్రెసర్ విశ్రాంతి తీసుకుంటే మంచు తనంతట తానే కరుగుతుంది. ఫ్రీజర్‌లో చల్లబడిన ద్రవాన్ని పంపుతో తిప్పే పద్ధతిలో ఈ తేమ నష్టం తక్కువ, ఎందుకంటే తొట్టె గాలి ఫ్రీజర్‌లోకి వెళ్లదు. దాని బదులు గొట్టాల అతుకులు, పంపు, గడ్డకట్టని ద్రవం, వాటి లీకులు వచ్చిపడతాయి. చేతిపని మీద ఇష్టం ఉన్నవారికే అది.

నేను ఎంచుకునేది: పాత సింగిల్ డోర్ ఫ్రిజ్

165 నుంచి 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్, పాతది, చేత్తో తిప్పే థర్మోస్టాట్ ఉన్నది. దీనికి నా ఓటు పడటానికి కారణం ఒకటే: ఖరీదైన భాగమైన థర్మకోల్ పెట్టె, అదే, చుట్టూ ఉన్న ఫోమ్ గోడ, కంపెనీయే పోసి ఇచ్చింది. మనం చేయవలసింది ఒక తలుపు పని మాత్రమే. చోటు మొక్కకు సరిపోతుంది, మెకానిక్ ఏ ఊళ్లోనైనా ఉంటాడు, మార్చిన తర్వాత కూడా అది ఫ్రిజ్‌లాగే నిలబడుతుంది.

కొనేటప్పుడు రెండు రకాలను వదిలేయండి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో మంచు కరిగించే హీటరు, దాని టైమరు మన లెక్కను పాడుచేస్తాయి. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నదాన్ని బయటి కంట్రోలర్ మాటిమాటికీ ఆపి నడిపితే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు అందుకు ఒప్పుకోదు. సముద్రం పక్క ఇంటి నుంచి వచ్చిన ఫ్రిజ్ అయితే వెనక భాగం, కంప్రెసర్ టెర్మినళ్లు తుప్పు పట్టాయేమో చూడండి. ఒక రాత్రి ఖాళీగా నడిపించి, ఫ్రీజర్ గడ్డకట్టాక ఆగి మళ్లీ నడుస్తోందో లేదో గమనించాకే డబ్బు ఇవ్వండి.

తలుపు పని. అంచులు, అయస్కాంతం ఉన్న రబ్బరు గాస్కెట్ చెక్కుచెదరకుండా ఉంచి, మధ్యలో మాత్రమే కిటికీ కోయించాలి. ముందు రేకు, ఫోమ్, లోపలి ప్లాస్టిక్ మూడూ తెగుతాయి. అల్యూమినియం కిటికీలు చేసే షాపువారు చట్రం బిగించి, మధ్యలో పొడిగాలి ఉన్న రెండు పొరల గాజు అమర్చగలరు. వాళ్లు ‘ఒక పొర చాలు, సిలికాన్ పెడతాను’ అంటే ఒప్పుకోకండి. కిటికీని తలుపులో సగానికి మించకుండా ఉంచితే చల్లదనం నిలుస్తుంది. అందం కోసం తలుపంతా గాజు చేయిస్తే చెమట మళ్లీ మొదలవుతుంది.

దీపం గాజుకు బయట ఉండాలి. లోపల వెలిగే ప్రతి వాటూ చివరికి వేడే. ఇరవై ముప్పై వాట్ల ఎల్‌ఈడీని కిటికీ ముందు వాల్చి బిగిస్తే, వెలుగు మొక్కకు, వేడి గదికి పోతుంది. వెలుగు ముందు నుంచి వస్తే మొక్క ఒకవైపు వాలుతుంది కాబట్టి వారానికోసారి కుండీ తిప్పండి. లోపలే పెట్టక తప్పకపోతే కనీసం దాని డ్రైవర్‌ను (దీపానికి కరెంటు మార్చి ఇచ్చే చిన్న పెట్టెను) బయట ఉంచండి.

కంట్రోలర్ గురించి కొంచెం వివరంగా. ఫ్రిజ్ సొంత థర్మోస్టాట్ సున్నా నుంచి ఎనిమిది డిగ్రీల కోసం చేసింది. మనకు 13 కావాలి. దాన్ని అతి చల్లని స్థానంలో పెట్టి, ఫ్రిజ్ ప్లగ్గును ఎస్‌టీసీ-1000 వంటి బయటి కంట్రోలర్ ద్వారా నడపాలి. సెన్సార్‌ను మొక్కల మధ్య, గాలి ఆడేచోట వేలాడదీయండి. కంప్రెసర్ ఆగే, మొదలయ్యే ఉష్ణోగ్రతల మధ్య రెండు డిగ్రీల తేడా ఇవ్వండి, కంప్రెసర్ ఆగిన తర్వాత మళ్లీ మొదలవడానికి కనీసం మూడు నిమిషాల ఆలస్యం పెట్టండి. ఆ ఆలస్యం సదుపాయం లేని చవక కంట్రోలర్ కంప్రెసర్‌ను తినేస్తుంది. మేలో పగలు కూడా చల్లబరచాలి, కాబట్టి పగటికి 23, రాత్రికి 13 అని రెండు స్థాయిలు కావాలి. రాత్రి పగలు వేర్వేరు సెట్టింగులున్న కంట్రోలర్ దొరికితే సరే. లేకపోతే రెండు కంట్రోలర్లు పెట్టి, రాత్రిదాన్ని టైమరుతో నడపవచ్చు. ఈ వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. తడి, కరెంటు ఒకేచోట ఉన్నాయి: ఎర్తు సరిగ్గా ఉండాలి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి, కంట్రోలర్, ప్లగ్గులు అన్నీ పెట్టె బయటే ఉండాలి. ఓల్టేజీ ఊగిసలాడే వీధిలో స్టెబిలైజర్ కూడా.

లోపల ఫ్రీజర్ గది కింద నేరుగా మొక్క పెడితే పై ఆకులు గడ్డకడతాయి. మధ్యలో ఒక థర్మకోల్ పలకను అడ్డుపెట్టి, చిన్న ఫ్యానుతో గాలిని ఎప్పుడూ కలియదిప్పుతూ ఉండండి. పెట్టె 13 దగ్గర నడుస్తుంది కాబట్టి కంప్రెసర్ ఆగిన ప్రతిసారీ పలక మీది మంచు కొంత కరుగుతుంది. ఆ నీళ్లను చిల్లర్ ట్రే నుంచి చిన్న గొట్టంతో కిందికి దింపండి. తాజా గాలి కోసం రోజుకొకసారి తలుపు తెరిస్తే చాలు. అది కూడా తెల్లవారుజామున తెరవండి, మధ్యాహ్నం కాదు.

నీటి సంగతి ఫ్రిజ్‌తో సంబంధం లేనిదే అయినా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మన తీరంలో వేడి కంటే ముందు మొక్కను చంపేది బోరు నీరు. ఈ మొక్కలకు కరిగిన లవణాలు 50 పీపీఎం లోపు ఉండాలి. వాన నీరు పట్టి డ్రమ్ములో దాచుకోండి, లేదా ఆర్‌ఓ నీటిని టీడీఎస్ మీటరుతో చూసి వాడండి.

కూల్‌డ్రింక్ షాపు ఫ్రిజ్

గాజు తలుపు కోయించే తలనొప్పి వద్దనుకునేవారికి ఇది మంచి దారి. రెండు పొరల గాజు ముందే ఉంటుంది, లోపల ఫ్యాను ఉంటుంది, పదే పదే తలుపు తెరిచే షాపు కోసం చేసినది కాబట్టి కంప్రెసర్‌కు బలం ఎక్కువ. మొక్కలు దుకాణంలో పేర్చినట్టు కనిపిస్తాయి, అది కొందరికి నచ్చుతుంది. పడకగదిలో మాత్రం దాని చప్పుడు భరించలేరు, బిల్లు కూడా ఇంటి ఫ్రిజ్ కంటే ఎక్కువ వస్తుంది. పాతది కొనేటప్పుడు ఒక జాగ్రత్త: షాపుల్లో చాలా ఫ్రిజ్‌లు కూల్‌డ్రింక్ కంపెనీలవి, దుకాణదారుకు వాడుకోవడానికి ఇచ్చినవి. అతను అమ్మినా అది అతని సొత్తు కాదు. బిల్లు చూపించినదే కొనండి.

ఎవరికి ఏది

విజయనగరం పట్టణంలో అద్దె అపార్ట్‌మెంటులో ఉంటూ, రెండేళ్లకోసారి ఇల్లు మారేవారికి పాత ఫ్రిజ్ బరువే. మినీ ఫ్రిజ్, పక్కన థర్మకోల్ తొట్టె పట్టుకుపోవడం తేలిక. తీరపు ఊరిలో సొంత ఇల్లు, వరండాలో నీడ ఉన్న మూల ఉన్నవారు గాజు కిటికీ ఫ్రిజ్‌నే ఎంచుకోవాలి. చెమట, ఉప్పుగాలి రెండింటికీ అదే తక్కువ గురవుతుంది. గదిలో ఏసీ ఎలాగూ రాత్రంతా నడిచే ఇంట్లో లెక్క మారుతుంది: ఏసీ 24 దగ్గర ఉంటే పెట్టె అక్కడి నుంచి పది డిగ్రీలు దిగితే చాలు, మినీ ఫ్రిజ్ పద్ధతి సులువుగా నెట్టుకొస్తుంది, చెమట కూడా పట్టదు. మొక్క కోసమే ఏసీ వేయడం మాత్రం అనవసరం. 16 అని పెట్టినా మే రాత్రి గది 17, 18 దగ్గరే ఉంటుంది, బిల్లు పై శ్లాబులోకి ఎక్కుతుంది.

పార్వతీపురం ఎగువన కొండల మీద ఇల్లున్నవారు ముందు ఒక ఏడాది రాత్రి కనిష్ఠాలు రాసిపెట్టుకోండి. మీకు యంత్రం ఏప్రిల్ నుంచి జూన్ వరకే అవసరం కావచ్చు. అప్పుడు మంచు సీసాలతో సరిపెట్టుకోవచ్చు.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఖరీదైన మొక్కను తెప్పించడం ఆఖరి పని. పెట్టెను మార్చిలోనే సిద్ధం చేసి, కుండీల్లో తడి నాచు నింపి, మొక్క లేకుండా మే దాకా నడపండి. కనిష్ఠం, గరిష్ఠం గుర్తుంచుకునే థర్మామీటర్ ఒకటి లోపల, ఒకటి గదిలో పెట్టండి. గది 34 దాటిన రోజు రాత్రి కూడా లోపల 15 లోపు నిలిచిందా, మధ్యాహ్నం కోత తర్వాత మళ్లీ 23కు రావడానికి ఎంతసేపు పట్టింది, కంప్రెసర్ గంటలో ఎంతసేపు విశ్రాంతి తీసుకుంది అని చూసుకోండి. కంప్రెసర్ అసలు ఆగకుండా నడుస్తుంటే గాజు తగ్గించండి లేదా థర్మకోల్ పెంచండి. ఈ అంకెలు కుదిరాకే, వానలు మొదలై గాలి కాస్త చల్లబడిన జూలైలో మొక్కకు ఆర్డరు పెట్టండి. ప్రయాణంలో కూడా అది తక్కువ అలసిపోతుంది.